వరద సాయం సంచిలో కరపత్రం పెట్టాలా, వద్దా?

లంకవాసి:
అందరికీ వందనాలు. వరద తీశాక ముంపు లంకల్లో పంచడానికి మా చర్చి సంఘం యూత్ బియ్యం, కందిపప్పు, నూనె, కొవ్వొత్తులు సంచుల్లో సర్దుతున్నారు. ఒక్కో సంచిలో ఒక సువార్త కరపత్రం, ప్రార్థన కూడికలకు ఆహ్వానం కూడా పెట్టాలని కొందరు పెద్దలు అన్నారు. యూత్ వద్దంటున్నారు. మనుషుల్ని ప్రేమించమని మనల్ని పంపింది దేవుడే కదా. ఆయన పేరెత్తకుండా సంచి చేతిలో పెట్టి వచ్చేస్తే అది సగం ప్రేమ కాదా? మీరేమంటారు?

పాలకొల్లు సువార్తికుడు:
పెట్టాలి బ్రదర్, ఇందులో అనుమానం దేనికి? 1836లో బౌడెన్, బీర్ అని ఇద్దరు ఇంగ్లాండు నుంచి మన డెల్టాకి వచ్చారు. ఒకాయన రాతిపని చేసేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. నెలనెలా జీతం పంపే సంస్థ కూడా వెనక లేదు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో ఎండకీ జ్వరాలకీ ఓర్చుకుని నిలబడ్డారంటే క్రీస్తు మాట చెప్పాలనే తపనే కారణం. వాళ్లు నోరు మూసుకుని ఉంటే ఈ రోజు మనం ఇలా మాట్లాడుకునేవాళ్లమా? ఎదుటి మనిషికి అన్నిటికన్నా అవసరమైనది నా దగ్గర ఉండీ చెప్పకపోతే దాన్ని మర్యాద అనుకోవచ్చేమో, ప్రేమ అని మాత్రం నేను అనను.

కాకినాడ కుర్రాడు:
నేను సంఘానికి వెళ్లే ఇంట్లోనే పుట్టాను. అయినా ఈ వాదన నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. ఆవిడ క్రైస్తవురాలు కాదు. మా ఊరి పి.ఆర్. కాలేజీలో పాఠాలు చెప్పిన గోరా గారు దేవుడే లేడన్నారు, అందుకే 1933లో ఉద్యోగం పోయింది. అయినా అంటరానితనం పోవాలని జీవితమంతా పనిచేశారు. మరి మనుషుల మీద ప్రేమకి దేవుని మీద ప్రేమే మూలం అని ఎలా అంటారు?

అమలాపురం టీచర్:
తమ్ముడూ, నీ ప్రశ్న మంచిది. సీతమ్మ గారి పేరు వింటే నేనూ చేతులెత్తి దండం పెడతాను. క్రైస్తవులు తప్ప ఇంకెవరూ ప్రేమించలేరని యేసు ఎక్కడా అనలేదు. దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి కథలో యాజకుడు, దేవాలయ సేవ చేసే లేవీయుడు పక్క నుంచి వెళ్లిపోయారు. ఆగి గాయాలకి నూనె పోసి కట్టు కట్టినవాడు సమరయుడు, అంటే అప్పటి యూదులు మనవాడు కాదనుకున్న మనిషి. నువ్వూ వెళ్లి అలాగే చెయ్యి అని యేసు చూపించింది ఆ సమరయుణ్ణే. కాబట్టి సీతమ్మ గారితో, గోరా గారితో మనకి పోటీ లేదు.

ప్రశ్న మన గురించి. మనకి ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎంతకాలం నిలుస్తోంది? 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 17.75 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంత పెద్ద వరద వచ్చినప్పుడు పాల ప్యాకెట్లతో, పులిహోర పొట్లాలతో పడవలు వెళ్తాయి, ఫొటోలు దిగుతాం. నీళ్లు తీశాక అసలు కష్టం మొదలవుతుంది. అరటి తోట కుళ్లిపోతుంది, ఇంట్లో ఒండ్రు పేరుకుపోతుంది, కౌలు రైతుకి అప్పు మిగులుతుంది. అప్పుడు వెళ్లేవాళ్లు తక్కువ. జాలి త్వరగా అలిసిపోతుంది. సాయం అందుకున్నవాడు విసుక్కున్నా, వంకలు పెట్టినా, కృతజ్ఞత లేదని మనమే వెనక్కి వచ్చేస్తాం.

బైబిల్లో యోహాను రాసిన మాట చూడండి: "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము." నేను అర్హురాలినని దేవుడు నన్ను ప్రేమించలేదు. ఆయన్ని పట్టించుకోని రోజుల్లో కూడా ప్రేమించాడు. ఆ సంగతి గుండెకి తగిలిన మనిషి ఎదుటివాడి అర్హత చూడడు, వాడు తిరిగి ఏమిస్తాడా అని ఎదురుచూడడు. దేవుణ్ణి ప్రేమించడం అంటే ఆయన ప్రేమించేవాళ్లని వదలలేకపోవడమే నా దృష్టిలో.

అందుకే సువార్తికుడు అన్నగారితో నేను ఏకీభవించను. మూడు రోజులుగా పొయ్యి వెలగని ఇంట్లో మనిషి ఆ సంచి వద్దనలేడు. వద్దనలేని మనిషి చేతిలో ఆహ్వానం పెడితే, పప్పు తీసుకున్నాం కాబట్టి కూడికకి వెళ్లాలేమో అనుకుంటాడు. దేవుడు మనకి అలా బేరం పెట్టి ఇవ్వలేదు కదా.

పాలకొల్లు సువార్తికుడు:
టీచరమ్మ గారూ, బేరం పెట్టాలని నా ఉద్దేశం కాదు. నా భయం వేరు. సేవ, సేవ అంటూ చివరికి క్రీస్తు పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడే సంఘాలు తయారవుతాయేమో అని. ఆస్తంతా పంచిపెట్టినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని పౌలు రాశాడు. సంచులు పంచడం సులువు, అందులో దేవుడు లేకుండా పోవడం కూడా అంతే సులువు.

రామచంద్రపురం అక్క:
మా ఊళ్లో కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ గారు కుష్ఠు రోగుల కోసం ఆశ్రమం పెట్టారు. సొంతవాళ్లే గడప తొక్కనివ్వని రోగులు వాళ్లు. అలాంటి సేవలో మాటనీ చేతనీ ఎవరు విడదీయగలరు?

ఇంకో మాట అడుగుతాను, ఎవరూ కోపం తెచ్చుకోకండి. లంకల దాకా పడవేసుకుని వెళ్తున్నాం, మంచిదే. మన సంఘాల్లోనే పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతున్నాం. కొన్ని చోట్ల సమాధుల దగ్గర కూడా అదే గొడవ. చూసిన సహోదరుణ్ణి ప్రేమించనివాడు చూడని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను పత్రికలోనే ఉంది. ఆ వాక్యం కరపత్రంలో వేసే ముందు మన గుమ్మం మీద రాసుకోవాలి.

కాకినాడ కుర్రాడు:
అక్క చెప్పిన దానికే నేను సంఘానికి దూరమయ్యానండి. టీచర్ గారి మాట ఆలోచించాను. దేవుడే మూలం అని ఇప్పటికీ ఒప్పుకోలేను. కానీ బేరం లేకుండా వెళ్తే మాత్రం నేనూ వస్తాను.

అమలాపురం టీచర్:
రా తమ్ముడూ. నమ్మితేనే పార పట్టుకోవాలని ఎవరూ అనరు. సువార్తికుడు అన్నగారూ, మీ భయం నిజమే. దానికి మందు సంచిలో కాగితం కాదు. రెండో నెల, మూడో నెల కూడా అదే ఇంటికి వెళ్లడం. ఎందుకమ్మా మళ్లీ మళ్లీ వస్తున్నారు అని వాళ్లే అడిగితే అరుగు మీద కూర్చుని క్రీస్తు గురించి సంతోషంగా చెబుతాను, దాచను.

పాలకొల్లు సువార్తికుడు:
అడగకపోతే?

అమలాపురం టీచర్:
అడగకపోయినా నాలుగో నెల కూడా వెళ్దాం అన్నగారూ.

లంకవాసి:
ఈ మాటలన్నీ కమిటీలో చదివి వినిపించాను. సంచుల్లో కాగితాలు పెట్టడం లేదు. పెద్దల్లో ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. శనివారం పొద్దున్నే రేవు దాటి ఇళ్లలో ఒండ్రు తీయడానికి వెళ్తున్నాం. పారలు, తట్టలు ఉన్నవాళ్లు తెచ్చుకోండి.