పెంటాక్స్ కె1000: మొదటి రీలు ఖాళీగా వచ్చింది, తప్పు షట్టర్‌లోనా, రీలు ఎక్కించడంలోనా?

కొత్తరీలు:

నమస్కారమండి. కెమెరా పెంటాక్స్ కె1000, లెన్స్ 50 ఎంఎం ఎఫ్2, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. 200 ఐఎస్‌ఓ కలర్ నెగటివ్, 36 ఫొటోల రీలు వేశాను. కడిగించి తెస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉత్త నారింజ రంగే, ఒక్క బొమ్మ లేదు. షట్టర్ పోయి ఉంటుందని ల్యాబులో అన్నారు. నొక్కితే చప్పుడు మాత్రం బాగానే వస్తోంది. కౌంటర్ 36 దాకా సరిగ్గానే నడిచింది. ఆ తర్వాత కూడా ఫిల్మ్ లాగే లివర్ సాఫీగా తిరుగుతూనే ఉంటే నేనే ఆపి రివైండ్ చేశాను.

రెండో రీలు వేసేలోపు తేల్చుకోవాల్సినవి: తప్పు షట్టర్‌దా, నేను రీలు ఎక్కించిన తీరుదా? వ్యూఫైండర్‌లో కుడిపక్క వెలుతురు కొలిచే మీటర్ ముల్లు మధ్యకు వస్తే చాలా? ఒకే చోట నిలబడి కెమెరా కాస్త పైకెత్తితే ఒకలా, దించితే ఒకలా చూపిస్తోంది. షట్టర్ స్పీడ్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంట్లో చూసుకునే దారి ఉందా? ఫ్లాష్ కూడా వాడాలని ఉంది. మాది సముద్రం పక్క ఊరు, కెమెరా దాచే విషయంలో జాగ్రత్తలుంటే అవి కూడా చెప్పండి.

చీకటిగది:

షట్టర్ జోలికి పోయేముందు ఆ నెగటివ్‌నే అడగండి. వెలుతురుకు పట్టి చిల్లుల పక్కన అంచులు చూడండి. ఫిల్మ్ పేరు, 1, 1ఎ, 2, 2ఎ అంటూ అంకెలు స్పష్టంగా ఉన్నాయా? అవి ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చు వేసినవి, డెవలపర్‌లో పడితేనే పైకి తేలతాయి. అంకెలు ఉండి బొమ్మలు లేవంటే కడగడం బాగానే జరిగింది, ఫిల్మ్‌కు వెలుతురే తగల్లేదు. అంకెలు కూడా లేకపోతే లోపం కడగడంలో ఉంది. మొత్తం నల్లగా ఉంటే వెనక తలుపు తెరుచుకుని వెలుతురు పడినట్టు.

36 దాటినా లివర్ సాఫీగా తిరిగిందన్నారు. నాకు అక్కడే విషయం తెలిసిపోయింది. 36 రీలులో 37, మహా అయితే 38 ఫ్రేములు వస్తాయి. ఆ తర్వాత లివర్ సగంలో బిగుసుకుపోవాలి. బిగుసుకోలేదంటే ఫిల్మ్ కదలనే లేదు. కె1000లో కౌంటర్ లెక్కపెట్టేది లివర్ లాగుళ్లనే, ఫిల్మ్‌ను కాదు. లోపల రీలు లేకపోయినా అది 36 దాకా నడుస్తుంది.

ఎక్కించే పద్ధతి రాస్తాను. నీడలో నిలబడి రివైండ్ నాబ్‌ను పైకి లాగితే తలుపు తెరుచుకుంటుంది. రీలు డబ్బాను ఎడమ గదిలో, బొడిపె కిందికి ఉండేలా కూర్చోబెట్టి, నాబ్‌ను కాస్త అటూ ఇటూ తిప్పుతూ కిందికి నొక్కండి. ఫిల్మ్ నాలుకను షట్టర్ మీదుగా లాగి కుడివైపు ఇరుసు సందులో దూర్చాలి. ఎక్కువమంది కొసను రెండు మిల్లీమీటర్లు తగిలించి తలుపు మూసేస్తారు. మొదటిసారి లివర్ లాగగానే అది జారిపోతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు లాగినా ఉత్త ఇరుసే తిరుగుతుంది. సందులోకి బాగా దూర్చి, తలుపు తెరిచి ఉంచే లివర్ లాగండి. కావాలంటే షట్టర్ నొక్కి ఇంకోసారి లాగండి. సన్నగా కోసిన నాలుక దాటి ఫిల్మ్ పూర్తి వెడల్పు రావాలి, పైన ఉన్న చిల్లులు, కింద ఉన్న చిల్లులు రెండూ పళ్ళ మీద కూర్చోవాలి. అది కంటితో చూశాకే తలుపు మూయండి. ఒక ఫ్రేము పోతుందని ఇక్కడ పీనాసితనం చేస్తే మొత్తం రీలు పోతుంది.

తలుపు మూశాక రివైండ్ నాబ్ పిడిని మడత విప్పి, బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. కాస్త తిరిగి, వేలికి బిగువు తగలగానే ఆపేయాలి. డబ్బాలో వదులుగా ఉన్న ఫిల్మ్ ఇప్పుడు బిగిసింది. ఇక లివర్ లాగుతూ నాబ్ మీదే కన్నేసి ఉంచండి. లాగిన ప్రతిసారీ నాబ్ దానంతటదే ఎదురు దిక్కుకు తిరగాలి. తిరిగిందా, ఫిల్మ్ నడుస్తోంది. తిరగలేదా, ఆగిపోండి. కౌంటర్ 1కి వచ్చేదాకా రెండు ఖాళీ షాట్లు కొట్టి మొదలుపెట్టండి. నాబ్ చూసే అలవాటు మొదటి ఫ్రేముతో ఆపకండి, రీలు మధ్యలో కూడా అప్పుడప్పుడు చూడాలి.

రీలు అయ్యాక లివర్ బిగుసుకుంటే బలవంతం చేయొద్దు. చిల్లులు చిరుగుతాయి, లేదా ఫిల్మ్ డబ్బా లోపలి ఇరుసు నుంచి ఊడి వస్తుంది. ఊడిందంటే చీకట్లో తప్ప తలుపు తీయడానికి లేదు. కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, నాబ్ పిడిని బాణం వైపు తిప్పండి. చాలాసేపు బిగువుగా తిరిగి, ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు ఫిల్మ్ ఇరుసు నుంచి విడిపోయినట్టు. ఇంకో నాలుగైదు చుట్లు తిప్పి నాలుకను పూర్తిగా లోపలికి లాగేస్తే, వాడిన రీలును కొత్తదనుకుని మళ్ళీ ఎక్కించే ప్రమాదం ఉండదు.

ఎఫ్16:

మీటర్ సంగతి నేను చెబుతాను. ముందుగా ఐఎస్‌ఓ, అంటే ఫిల్మ్ వెలుతురును పట్టే వేగం. ఈ కెమెరా డబ్బా మీది గళ్ళ కోడ్ చదవదు. షట్టర్ డయల్ బయటి రింగును పైకెత్తి తిప్పి, చిన్న కిటికీలో 200 మీరే పెట్టాలి. పాత యజమాని 400 దగ్గర వదిలేసి ఉంటే మీ ఫొటోలన్నీ ఒక స్టాప్ తక్కువ, అంటే సగం వెలుతురుతోనే పడతాయి.

మీటర్‌కు ఒక ఎల్‌ఆర్44 బటన్ సెల్ చాలు. ఎస్‌ఆర్44 దొరికితే ఇంకా మేలు, దాని వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉంటుంది. సెల్ లేకపోయినా షట్టర్ అన్ని స్పీడ్లలోనూ పనిచేస్తుంది, ముల్లు ఒక్కటే కదలదు. మీటర్‌కు స్విచ్ లేదు, లెన్స్ మూతే దాని స్విచ్. మూత తీసి బీరువాలో పెడితే కొన్నాళ్ళకు సెల్ అయిపోతుంది. ముల్లు బాగుందో లేదో చూడాలంటే వెలుతురు వైపు చూపి అపర్చర్ రింగు (లెన్స్ లోపలి కంత సైజు మార్చేది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కంత పెద్దది) తిప్పండి, ముల్లు దానితోపాటు పైకీ కిందికీ పోవాలి.

ముల్లు మధ్యకు వస్తే చాలా అంటే, చాలదు. మీటర్ ఎదురుగా ఉన్న దేన్నైనా మధ్యరకం బూడిద రంగుగానే లెక్కేస్తుంది. తెల్ల పంచె కట్టుకున్న మనిషితో ఫ్రేమంతా నింపి ముల్లు మధ్యకు తెస్తే పంచె బూడిదగా వస్తుంది. నల్లరాతి గుడి గోడ అయితే పాలిపోతుంది. మీరు కెమెరా పైకెత్తినప్పుడు ఫ్రేములోకి ఆకాశం ఎక్కువ వస్తోంది. మీటర్ దాన్ని చూసి వెలుతురు దండిగా ఉందనుకుని అపర్చర్ తగ్గించమంటోంది, అలా తీస్తే కింద మనుషులు నల్లబడతారు. కాబట్టి కెమెరాను నేల వైపు దించి, ఆకాశం లేకుండా ముల్లు మధ్యకు తెచ్చుకుని, ఆ అంకెలు మార్చకుండా మళ్ళీ పైకెత్తి తీయండి. అప్పుడు ముల్లు ప్లస్ వైపు పోతే పోనివ్వండి. ఇంకో మార్గం మీ అరచెయ్యి. మనిషి మీద పడుతున్న వెలుతురే చేతి మీదా పడేలా పట్టి, ఫ్రేమంతా అరచెయ్యి నింపి కొలవండి. అరచెయ్యి బూడిద కంటే దాదాపు ఒక స్టాప్ తెల్లన, కాబట్టి వచ్చినదానికి ఒక స్టాప్ తెరవాలి: ఎఫ్11 వస్తే ఎఫ్8.

చాలామందికి తెలియనిది ఒకటి: ఈ కెమెరాలో మీటర్ కళ్ళు వ్యూఫైండర్‌లో మనం కన్ను పెట్టే చోటు పక్కనే ఉంటాయి. వెనక నుంచి ఎండ పడితే, కళ్ళజోడు వల్ల కన్ను దూరంగా ఉంటే, ఆ వెలుతురు లోపలికి దూరి ముల్లును పైకి నెడుతుంది. ఎడమ అరచేతిని కంటి పక్కన గొడుగులా పట్టి మళ్ళీ చూడండి, ముల్లు దిగితే ఆ రెండో లెక్కే నిజం. అలాగే ఎండలోంచి గదిలోకి వచ్చిన వెంటనే కొలవకండి. ఇది సీడీఎస్ (కాడ్మియం సల్ఫైడ్) రకం మీటర్, ఎండ జ్ఞాపకం దానికి కాసేపు ఉంటుంది. కొన్ని సెకన్లు ఆగితే ముల్లు కుదురుకుంటుంది.

ముల్లు మీద నమ్మకం చాలని రోజు ఎండే కొలత. నీడలు అంచు తెగేలా పడే ఎండలో 200 ఐఎస్‌ఓకి ఎఫ్16, 1/250 సెకను. అదే వెలుతురు ఎఫ్11లో 1/500, ఎఫ్8లో 1/1000. ఆరుబయట చెట్టు నీడలో అయితే 1/250 అలాగే ఉంచి ఎఫ్4 లేదా ఎఫ్5.6. అనుమానం వస్తే కలర్ నెగటివ్‌కు ఒక స్టాప్ ఎక్కువే ఇవ్వండి. ఎక్కువ పడితే ప్రింట్‌లో దించుకోవచ్చు, తక్కువ పడిన చోట నీడల్లో గింజలు తప్ప ఏమీ మిగలదు. స్లైడ్ ఫిల్మ్‌కు ఈ మాట వర్తించదు, అక్కడ ఎక్కువ పడితే తెలుపు తిరిగి రాదు. చేత్తో పట్టి తీసేటప్పుడు 50 ఎంఎంకి 1/60 కిందికి దిగకండి. ట్యూబ్‌లైట్ గదిలో 200 ఫిల్మ్ ఎఫ్2 దగ్గర కూడా 1/15 అడుగుతుంది, పైగా ఆకుపచ్చ ఛాయ వస్తుంది.

కొత్తరీలు:

అంచుల్లో అంకెలు ఉన్నాయండి, శుభ్రంగా చదవగలిగేలా ఉన్నాయి. అంటే తప్పు నా ఎక్కించడంలోనే. షట్టర్ స్పీడ్లు, ఫ్లాష్ గురించి ఎవరైనా చెప్పగలరా?

గోదారిగాలి:

రీలు లేకుండా తలుపు తీసి, అపర్చర్ ఎఫ్2 పెట్టి, తెల్లగోడ మీద ఎండ పడే చోట వెనక నుంచి చూస్తూ 1/1000 నొక్కండి. షట్టర్ ఉన్న చదరపు కిటికీ అంతా ఒకే వెలుతురుతో మెరవాలి. షట్టర్‌లో ఒకదాని వెనక ఒకటి పరుగెత్తే రెండు గుడ్డ తెరలుంటాయి. ఒక పక్క నల్లగా కనిపిస్తే రెండో తెర మొదటిదాన్ని అందుకుంటోందని అర్థం. ఎండిన నూనె వల్ల పాత గుడ్డ తెరల కెమెరాలన్నిటికీ వచ్చే జబ్బే ఇది, మెకానిక్ దగ్గరే నయమవుతుంది. అప్పటిదాకా 1/500, 1/250లో చూసి, నిండుగా మెరిసిన స్పీడు నుంచి కింద వాడుకోవచ్చు. తెరలను వేలితో తాకకండి.

నెమ్మది స్పీడ్లకు ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో కెమెరా వెనక నుంచి తీసి, ఆ కిటికీ నడిమధ్య ఎన్ని ఫ్రేముల్లో వెలుతురు ఉందో లెక్కపెట్టండి. 1/30కి 8 రావాలి, 1/8కి 30, 1/60కి 4. 1/30కి 10 వస్తే మూడో వంతు స్టాప్ తేడా, నెగటివ్ పట్టించుకోదు. 16 వస్తే ఆ స్పీడు పూర్తిగా ఒక స్టాప్ మందగించింది. 1/125 పైన ఈ లెక్క నమ్మకండి, ఫోన్ ఫ్రేము కంటే షట్టరే వేగం.

ఫ్లాష్‌కు 1/60, లేదా అంతకంటే తక్కువ. తెర అడ్డంగా పరుగెత్తే షట్టర్ ఇది. 1/60 దాకా ఏదో ఒక క్షణంలో ఫ్రేమంతా తెరిచి ఉంటుంది, ఫ్లాష్ అప్పుడే వెలుగుతుంది. 1/125కి వచ్చేసరికి మొదటి తెర పూర్తిగా తప్పుకోకముందే రెండోది బయలుదేరుతుంది, బొమ్మలో ఒక పక్క నిలువు పట్టీ నల్లగా వస్తుంది. ఫ్లాష్ ఫొటోలన్నిటిలో అదే పక్క కోసేసినట్టుంటే ముందు డయల్ చూడండి.

సముద్రం పక్క ఊళ్ళో కెమెరాకు రెండు శత్రువులు. ఒకటి తలుపు గాడుల్లో ఉండే నల్ల నురుగు. ఏళ్ళు గడిస్తే అది తారులా జిగటబడి వెలుతురును లోపలికి వదులుతుంది. బొమ్మల మీద చారలు చిల్లుల దాకా పాకితే తలుపు నురుగుదే తప్పు. ఫ్రేము లోపలే ఆగితే తెరలో సూదిబెజ్జం ఉందేమో చూడాలి. పాత నురుగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన పుల్లతో గీకండి, ముక్కలు తెర మీద రాలకుండా కెమెరాను బోర్లా పట్టుకోండి. సన్నని గాడుల్లో నల్ల ఊలు దారం అతికించినా సరిపోతుంది.

రెండోది లెన్స్ బూజు. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచకండి, ఆ తోలే చెమ్మ పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్ళీ వేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్మ్ మూత వెంటనే విప్పితే మీ ఊరి గాలికి చెమ్మ పడుతుంది, గంట, రెండు గంటలు అలాగే వదిలేయండి.

చీకటిగది:

ఇంకొకటి, కొత్తరీలు గారూ. ఈసారి ఫ్రేము 5 దగ్గర నాబ్ తిరగడం లేదని కనిపిస్తే కంగారుగా తలుపు తీయొద్దు. పిడిని బాణం వైపు మెల్లగా తిప్పి చూడండి. కాస్త తిప్పినా బిగువు రాకపోతే నాలుక ఇరుసు నుంచి జారిపోయినట్టే, తీసినవి పోయాయి గానీ రీలు దాదాపు కొత్తదే. నాలుక డబ్బాలోకి పూర్తిగా పోకముందే తిప్పడం ఆపి, తీసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు. బిగువు వస్తే మాత్రం ఫిల్మ్ పట్టుకునే ఉంది, డబ్బాలో వదులుండటం వల్ల నాబ్ ఆలస్యంగా తిరుగుతోంది. ఇంకో ఫ్రేము లాగి చూడండి.