ఒక్క డెకాల్ షీటు కొని నలుగురం స్కాన్ చేసుకోవడం తప్పా?

నాగావళి (శ్రీకాకుళం)

మేం నలుగురం 1/72 స్కేలు (అసలు దానిలో 72వ వంతు) సీ హారియర్ యుద్ధవిమానం నమూనా కిట్లు కొన్నాం. పెట్టెలో వచ్చినవన్నీ బ్రిటిష్ గుర్తులే. మాకు కావలసింది మన నేవీ 300 స్క్వాడ్రన్ విమానం: తోక మీద తెల్లపులి, 600 వరుస నంబరు. ఆ గుర్తుల డెకాల్ షీటు (నీళ్లలో తడిపి నమూనాకు అంటించే బొమ్మల కాగితం) విదేశం నుంచి రావాలి. లెక్క వేస్తే షీటు ధర కన్నా తపాలా ఖర్చే ఎక్కువ తేలింది. ఒక్కటి తెప్పించి, స్కాన్ చేసి, డెకాల్ కాగితం మీద నాలుగు ముద్రించుకుందామన్నాను. మాలో ఒకరు ససేమిరా అంటున్నారు. విమానం మీద వేసే మూడు రంగుల చక్రం గుర్తు దేశానిది, పులి నేవీది. వాటి మీద ఇంకెవరికో హక్కేమిటి?

గంటస్తంభం (విజయనగరం)

ససేమిరా అన్నది నేనే. చక్రం ఎవరి సొత్తూ కాదు, ఒప్పుకుంటాను. మీరు స్కాన్ చేయబోయేది ఒక మనిషి చేసిన పనిని. సీ హారియర్లు 1983లో వచ్చాయి, 2016లో సెలవు తీసుకున్నాయి. మొదట పైన ముదురు బూడిద, పొట్ట తెలుపు. తర్వాత ఒళ్లంతా బూడిద వన్నెలే. ఏ నంబరు ఎప్పుడు ఏ రంగులో ఉందో ఫోటోలు పోల్చి తేల్చి, పులి చారలను గోరంత చోటులో గీయాలంటే ఎన్ని రాత్రులు పడుతుంది! ఇలాంటి షీట్లు వేసేది చాలావరకు ఒకరిద్దరు నడిపే చిన్న సంస్థలు. మన విమానాల గుర్తులు కొనేవాళ్లే కొద్దిమంది. అందులో ముగ్గురు తప్పుకుంటే రేపు మన నేవీ పాత యుద్ధవిమానం సీ హాక్ షీటు ఎవరు వేస్తారు? 1971 డిసెంబరులో విక్రాంత్ విమానవాహక నౌక మీద నుంచి లేచి, నేటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌పై దాడి చేసింది ఈ 300 స్క్వాడ్రన్ సీ హాక్‌లే. ఆ విమానం నా బల్ల మీద ఉండాలని ఎన్నాళ్లుగానో కోరిక.

నాగావళి

మీ బాధ అర్థమైంది మాస్టారూ. కానీ మాలో ఇద్దరు డిగ్రీ విద్యార్థులు. కిట్ కోసమే నాలుగు నెలలు డబ్బు దాచుకున్నారు. ఎలాగూ కొనలేనివాళ్లు కొనకపోతే అమ్మేవారికి పోయేదేమిటి? కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి వెసులుబాటు ఇస్తోంది కదా.

చంపావతి (విజయనగరం)

హక్కుల మాట అటుంచండి, ముందు ముద్రణ సంగతి చూడండి. నేను స్కాన్ చేసి ఒక విమానం పాడుచేసుకున్నాను. ఇళ్లలో వాడే ఇంక్‌జెట్, లేజర్ ప్రింటర్లలో తెల్ల సిరా ఉండదు. పారదర్శక కాగితం మీద ముద్రిస్తే చక్రంలోని తెల్ల వలయం స్థానంలో విమానం బూడిద రంగు కనబడుతుంది, కాషాయం మట్టిరంగుకు దిగిపోతుంది. తెల్లపులి పోయి చారలు మాత్రం మిగులుతాయి. తెల్ల కాగితం తీసుకుంటే అంచు వెంట గీత తప్పకుండా కత్తిరించాలి. అసలు విమానం మీద 45 సెంటీమీటర్ల వృత్తం అనుకుంటే ఈ స్కేలులో 6 మిల్లీమీటర్ల చిల్లర. ఇంక్‌జెట్ సిరా అయితే వార్నిష్ పూయకుండా నీళ్లలో పెట్టిన క్షణంలో కరుగుతుంది. అసలు షీటు ముద్రణలోని చుక్కలు కూడా స్కానులో పడతాయి.

చక్రాలకు నేను డెకాల్స్ మానేశాను. బండ్ల నంబరు ప్లేట్లకు రేడియం అక్షరాలు కోసే దుకాణంలో, ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు వృత్తాలు వినైల్ మీద కోయించాను. ఇంకాస్త పెద్దదైన 1/48 స్కేలు నమూనాకి ముచ్చటగా వచ్చాయి. 1/72కి లోపలి ఆకుపచ్చ 2 మిల్లీమీటర్లే కావడంతో బ్లేడు చింపేసింది. అప్పుడు తోలుకు చిల్లులు పొడిచే పంచ్‌తో మాస్కింగ్ టేపు కొట్టి రంగు పిచికారీ చేశాను. అంచు లేదు, మెరుపు మచ్చ లేదు, రంగు మీద గీసినట్టే ఉంది. పులికీ నంబర్లకూ మాత్రం ఈ విద్య పనికిరాదు, షీటు కావలసిందే.

గంటస్తంభం

చంపావతి గారు దారి చూపించారు. చక్రాలు పంచ్‌తో చేసుకుందాం. షీటులో ఒకటికి మించి విమానాల గుర్తులుంటే అవి కొన్నవాళ్లు పంచుకోవచ్చు, అందులో తప్పు లేదు. రెండు షీట్లు ఒకే పొట్లంలో తెప్పిస్తే తపాలా ఖర్చు ఒక్కసారే. విద్యార్థుల వాటా నేను పెడతాను, ఉద్యోగాలు వచ్చాక ఇవ్వమనండి. 52వ సెక్షన్ నా బల్ల వరకు వర్తిస్తుందేమో గాని, ముగ్గురికి పంచిపెట్టడాన్ని సొంత వాడకం అనడానికి నాకు నోరు రాదు.

నాగావళి

రెండు షీట్లకు ఒప్పుకున్నాం. విద్యార్థులు అప్పు వద్దన్నారు, నెలకింత ఇస్తారట. ఒక్క మాట మాత్రం వదలను: ముద్రణ ఆగిపోయి ఎక్కడా దొరకని షీటును స్కాన్ చేస్తే ఎవరి కడుపూ కొట్టినట్టు కాదు. 2018 తిత్లీ తుపానుకు ఇల్లు చెమ్మగిల్లి నా పాత షీట్లు పచ్చబడ్డాయి. కిటికీ అద్దానికి అంటించి ఎండ తగిలిస్తే కొన్ని తెల్లబడ్డాయి, కొన్ని నీళ్లలో ముక్కలయ్యాయి. ఆ ముక్కలైనవాటిలో రెండు ఇప్పుడు ఎవరి దగ్గరా దొరకవు. ముందే స్కాన్ చేసి ఉంచుకోనందుకు ఈనాటికీ బాధగానే ఉంది.

తెల్ల పొట్ట విమానం మాత్రం నాకు వదలండి మాస్టారూ.