ఒడ్డు మీంచి హాలిబట్: ఎర వేసి కూర్చోవాలా, లూర్ విసురుతూ నడవాలా?

అలలవెంట
ముందే చెప్తున్నా, ఇది కాలిఫోర్నియా హాలిబట్ అనే చదునైన చేప గురించి. అలాస్కాలో బోటు వేసుకుని లోతు నీళ్లలోంచి లాగే పసిఫిక్ హాలిబట్ వేరే జాతి, దాని గొడవ ఇక్కడ వద్దు. మనది మోకాలి లోతు నీళ్లలో కూడా ఇసుక కప్పుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి పడుకునే రకం. నా మాట ఒకటే. బీచ్ మీంచి దీనికోసం బతికున్న ఎర వేసి, రాడ్‌ని ఇసుకలో గుచ్చి, కుర్చీ వేసుకుని కూర్చోవడం టైం వేస్ట్.

ఎందుకంటే ఇది వెతుక్కుంటూ తిరిగే చేప కాదు, మాటువేసే చేప. తన తల మీదుగా ఏదైనా పోతే ఒక్క దూకు దూకి పట్టుకుంటుంది, లేకపోతే కదలదు. అది కదలనప్పుడు, మనమూ కదలనప్పుడు ఇద్దరం ఎలా కలుస్తాం? మనమే వెళ్లాలి. ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగుల తేలికపాటి రాడ్, 3000 లేదా 4000 సైజు రీలు, 15 పౌన్ల బ్రెయిడ్ (అల్లిన లైను), దాని చివర రెండు మూడు అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (నీళ్లలో అంతగా కనబడని లైను ముక్క). లక్కీ క్రాఫ్ట్ ఫ్లాష్ మిన్నో 110 లాంటి లూర్ (చిన్న చేపలా కనిపించే కృత్రిమ ఎర) కట్టి, నేరుగా సముద్రంలోకి కాకుండా ఒడ్డుకి ఏటవాలుగా విసిరి, నెమ్మదిగా చుట్టుకుంటూ రావాలి. మూడు నాలుగు విసుర్లు, తర్వాత పది అడుగులు ముందుకి, మళ్లీ విసుర్లు. కాళ్ల దగ్గరిదాకా లాగండి, మధ్యలో ఎత్తేయకండి. చాలాసార్లు చివరి పది అడుగుల్లోనే తగులుతుంది.

కాదనేవాళ్లు కారణం చెప్పి కాదనండి.

పియర్‌పంతులు
కారణాలు చెప్తా, ఓపిగ్గా వినండి. మీరు "కదలదు" అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. చేప కదలకపోయినా దాని చుట్టూ నీళ్లు కదులుతాయి కదా. పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన) స్తంభాల చుట్టూ ప్రవాహం ఇసుకని తవ్వి గుంటలు చేస్తుంది, చిన్న చేపలన్నీ ఆ నీడలో చేరతాయి, వాటి కోసం హాలిబట్ వస్తూ పోతూ ఉంటుంది. అలాంటి చోట నేను నడవక్కర్లేదు, మంచి ఎర ఉంటే చాలు.

ఎర ఎక్కడిదంటారా, అక్కడిదే. సబీకి (వరసగా చిన్న గాలాలు కట్టిన లైను) వేస్తే స్మెల్ట్ అనే చిన్న చేపలు పడతాయి, అదృష్టం ఉంటే చిన్న మాకరెల్. పైపెదవిలోంచి గాలం గుచ్చి, లైను జారే సీసం కట్టి అడుగుకి దింపడమే. పైకి లాగి చూసినప్పుడు ఎర ఒంటి మీద రెండు పక్కలా గాట్లు ఉంటే హాలిబట్ వచ్చి వెళ్లిందని అర్థం, చోటు మార్చకండి. కొరికిన వెంటనే రాడ్ గుంజేస్తే పోతుంది. అది ముందు నోట కరిచి పట్టుకుంటుంది, మింగడం తర్వాత. కాస్త లైను వదిలి, బరువు తెలిశాక ఎత్తాలి.

ఇంకో సంగతి. సముద్రం మీదున్న పబ్లిక్ పియర్ మీద పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, రెండు రాడ్లు వేసుకోవచ్చు. బీచ్ మీద దిగారా, 16 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకీ లైసెన్సు కావాలి. కొత్తవాళ్లని తీసుకెళ్లి పదిహేను ఇరవై డాలర్ల లూర్‌ని మొదటి విసురులోనే నాచులో పోగొట్టించేకంటే ఇది నయం కాదూ? ఒక్క జాగ్రత్త: తాడు కట్టిన గుండ్రటి వల లేకుండా పియర్ ఎక్కకండి. అంత ఎత్తుకి లైనుతో లేపితే మధ్యలోనే తెగి కిందపడుతుంది, పైనుంచి చూస్తూ నిలబడాలి.

అలలవెంట
పంతులుగారూ, పియర్ సంగతి ఒప్పుకుంటా, కానీ నేను అడిగింది బీచ్ గురించి. ఇసుక మీద స్తంభాలు ఎక్కడున్నాయి? నాలుగడుగుల అలలో మీ సీసం ఒకచోట నిలవదు, ఎర బకెట్లో గాలి మోటారు పెట్టినా స్మెల్ట్ ఎక్కువసేపు బతకదు, బతికినా అల దాన్ని ఇసుకకేసి కొడుతుంది.

అసలు పాయింట్ ఇంకొకటి ఉంది. ఇంటికి తీసుకెళ్లాలంటే చేప 22 అంగుళాలు ఉండాలి. ఒడ్డు నుంచి పడేవాటిలో చాలా భాగం అంతకంటే చిన్నవే, అన్నీ వదిలేయాల్సినవే. మీరు చెప్పినట్టు "మింగేదాకా ఆగి" ఎత్తితే గాలం గొంతులోకో కడుపులోకో పోతుంది. 18 అంగుళాల చేపని నెత్తుటితో తిరిగి నీళ్లలో వేస్తే అది బతుకుతుందని మీకు నమ్మకముందా? లూర్ అయితే పెదవి దగ్గరే తగులుతుంది.

మెరకదాటి
పెదవి దగ్గరే అంటే ఎలాగండీ. ఆ లూర్లకి వేలాడేవి మూడు ముళ్ల ట్రెబుల్ హుక్కులు. చిన్న హాలిబట్ ఒకదాన్ని నోట కరిస్తే రెండోది కంటి పక్కనో మొప్ప దగ్గరో దిగుతుంది, అది విడిపించేలోపు మన వేలికి ఇంకోటి. వదిలేసే చేప మీద జాలి ఉంటే ట్రెబుల్స్ తీసేసి సింగిల్ హుక్కులు వేసుకోండి, లూర్ నడక కొద్దిగా మారుతుంది తప్ప పట్టుకోవడంలో పెద్ద తేడా లేదు. ఎరవాళ్లూ అంతే, సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గాలం) వేసి గుంజకుండా మెల్లగా చుడితే మూతి మూలకి తగులుతుంది. చేప చావడం మన హుక్కులో ఉంది, ఎరలోనూ లూర్‌లోనూ కాదు.

కొత్తగాలం
నమస్తే అండీ, నేను ఇంకా రాడ్ కూడా కొనలేదు. ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది, అదే ప్రాబ్లం. నాకు రెండు డౌట్లు. ఏ టైంకి వెళ్లాలి? బీచ్ అంతా ఒకేలా కనిపిస్తుంది, అందులో ఎక్కడ విసరాలి?

బేగాలి
టైం గురించి మీకు అందరూ "పెద్ద పోటు చూసుకో, తెల్లారకముందే వెళ్లు" అని చెప్తారు. ఏ ఊళ్లో అని అడగండి ముందు. నేను పట్టేది శాన్‌ఫ్రాన్సిస్కో బేలో, క్రిస్సీ ఫీల్డ్ వైపు, అలమీడా రాళ్లగట్టు వైపు. ఇక్కడ పౌర్ణమి, అమావాస్య రోజుల్లో ఆటుపోట్ల తేడా బాగా ఎక్కువ, గోల్డెన్ గేట్ కిందనుంచి నీళ్లు ఏరులా దూసుకొస్తాయి, అడుగున బురద లేచి నీళ్లు టీ రంగులోకి మారతాయి. కంటితో చూసి వేటాడే చేప ఆ బురదలో ఏం చూస్తుంది? అందుకే మేం తేడా తక్కువున్న రోజులు ఎంచుకుంటాం, నీళ్లు తేటగా ఉంటాయి. వేసవికి నెత్తళ్లు బేలోకి వచ్చాక వాటి వెనకే హాలిబట్, అప్పుడు ఎర అయినా లూర్ అయినా పడుతుంది.

మీ చర్చకి అడ్డం వచ్చే రూల్ ఒకటుంది, ఎవరూ ఎత్తలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో ఒక మనిషికి ఒకటే లైను. కాబట్టి "ఎర రాడ్ ఒకటి గుచ్చి పెట్టి పక్కనే లూర్ విసురుకుంటా" అనే రాజీ ఇక్కడ చెల్లదు, ఏదో ఒకటి తేల్చుకోవాలి. నేనైతే తేల్చుకున్నా: నాలుగైదు అంగుళాల రబ్బరు స్విమ్‌బైట్ (చేప ఆకారపు మెత్తటి లూర్), సీసం తల ఉన్న ఒకే హుక్కు, అడుగుని తాకించి ఎత్తి మళ్లీ తాకించి తేవడం. తాకినచోటల్లా ఇసుక పొగలా లేస్తుంది, పక్కన పడుకున్నది తిరిగి చూస్తుంది. ఎన్ని తీసుకెళ్లొచ్చో కూడా చూసుకోండి: కాలిఫోర్నియా మధ్య తీరంలోని పాయింట్ సర్‌కి దక్షిణాన రోజుకి ఐదు, ఉత్తరాన ఉన్న మూడుని 2023లో రెండు చేశారు. రూల్స్ మధ్యలో మారుతుంటాయి, వెళ్లేముందు ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పేజీ చూడండి.

వెన్నెలఇసుక
బేగాలి గారు చెప్పింది బేకి నిజం. దక్షిణాన తెరిచిన బీచ్‌లో, హంటింగ్టన్ బీచ్ లాంటి చోట, లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మాకు పౌర్ణమీ అమావాస్యే పండగ, గ్రూనియన్ వల్ల. తెలియనివాళ్లకి: మార్చి నుంచి ఆగస్టు దాకా, పౌర్ణమి అమావాస్యల తర్వాతి కొన్ని రాత్రులు, పోటు నిండిన కాసేపటికి ఈ చిన్న వెండి చేపలు అలతో పాటు ఇసుక మీదికి వచ్చి, ఆడది తోకని ఇసుకలో పాతుకుని గుడ్లు పెడుతుంది, తర్వాత అలతో వెనక్కి పోతాయి. వాటి రాకపోకలు హాలిబట్‌కి తెలియకుండా ఉంటాయా! తీరం పక్క కాలువలో కాచుకుని ఉంటుంది. ఆ రాత్రి తర్వాతి తెల్లవారుజామున గ్రూనియన్ అంత పొడుగున్న వెండిరంగు లూర్ విసరండి, తర్వాత వాదించుకుందాం.

అయితే గ్రూనియన్‌నే ఎరగా వాడదామనుకునేవాళ్లకి ఒక మాట. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పట్టడం నిషేధం, చూడ్డం వరకే. 2022 నుంచి జూన్ కూడా కలిసింది, అదే ఏడాది మనిషికి 30 అనే హద్దూ పెట్టారు. పట్టేటప్పుడు ఉత్త చేతులే, వల గానీ గుంట తవ్వడం గానీ కుదరదు.

పియర్‌పంతులు
రాత్రంతా గ్రూనియన్ తిని కడుపు నిండిన చేప తెల్లారి మీ ప్లాస్టిక్ ముక్కకి ఎందుకు లేస్తుందండీ? నేను అడిగేది వెటకారానికి కాదు. గ్రూనియన్ వచ్చిన మర్నాడు బీచ్ చప్పగా ఉందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో గ్రూనియన్ రాకముందు సాయంత్రమే మేలు, చేప అప్పటికే ఒడ్డుకి చేరి ఆకలి మీద ఉంటుంది, వెలుతురూ ఉంటుంది.

వెన్నెలఇసుక
సాయంత్రం ఆ తీరంలో గాలి సంగతి మర్చిపోయారు. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి లేచి, నీళ్లు కలకబారి, ముఖం మీదికి కొడుతుంటే తేలిక లూర్ ఎంత దూరం పోతుంది? పొద్దున గాలి పడి ఉంటుంది. తెల్లవారుజాము గొప్పదనం సగం గాలి లేకపోవడమే. చిమ్మచీకట్లో వెళ్లక్కర్లేదని మాత్రం నేనూ అంటా, లూర్ కనిపించేంత వెలుతురు రావాలి.

పియర్‌పంతులు
గాలి నిజమే. ఎరకి గాలితో పనిలేదు, అది కూడా రాసుకోండి.

అలలవెంట
కొత్తగాలం గారూ, మీ రెండో డౌట్‌కి ఎవరూ జవాబు ఇవ్వలేదు, మన గొడవ కంటే అదే ముఖ్యం. నీళ్లు బాగా తగ్గినప్పుడు, అంటే ఆటు అడుగున, ఒకసారి రాడ్ లేకుండా వెళ్లండి. ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. పైనుంచి ఒకేలా కనిపించే బీచ్ అప్పుడు విప్పి చూపిస్తుంది: ఒడ్డుకి సమాంతరంగా పొడుగాటి కాలువ, దాని అవతల ఇసుక మెరక, ఆ మెరకని తెంచుకుని నీళ్లు సముద్రంలోకి పోయే దారి, అక్కడక్కడా గుంటలు. పోటు ఎక్కాక ఇవన్నీ మునిగిపోతాయి కానీ అల చెప్తుంది. మెరక మీద అల విరుగుతుంది, గుంట మీద విరగదు, నీళ్ల రంగు కొంచెం ముదురుగా ఉంటుంది. తెల్లటి నురగకీ ముదురు నీళ్లకీ మధ్య అంచు ఉంది చూశారా, లూర్ ఆ అంచు వెంట రావాలి. పోటు ఎక్కడం మొదలైన రెండు గంటలు, నిండాక తీయడం మొదలైన గంట, నాకు ఈ రెండూ ఇష్టం.

లోతు ఎంతుండాలని అడగకండి. కొత్తవాళ్లు చేసే పని ఏంటంటే నడుం లోతుకి దిగి దూరంగా విసరడం, అంటే చేపల మీద నిలబడి చేపలు లేనిచోట విసరడం. పొడి ఇసుక మీంచే మొదలెట్టండి. ఇంకోటి, దాని కళ్లు రెండూ పైవైపే ఉంటాయి, కాబట్టి లూర్ దాని పైనుంచి పోవాలి, ఇసుకని దున్నుకుంటూ కాదు. ఇక్కడ బేగాలితో నాకు తేడా ఉంది, తేట నీళ్లలో అడుగుని తాకించక్కర్లేదు.

చేప తగిలాక తల టపటపా కొడుతుంది, లాగేయకండి. అల వెనక్కి పోయేటప్పుడు లైను వదలండి, వచ్చేటప్పుడు ఆ అల మీదే ఇసుక మీదికి జార్చండి. అంచులో తెగేవన్నీ వెనక్కి పోయే నీళ్లకి ఎదురు లాగడం వల్లే.

బేగాలి
తేట నీళ్లు మీకు రోజూ దొరుకుతాయి కాబట్టి అలా అంటున్నారు. మా దగ్గరికి వచ్చి ఆ మిన్నో విసరండి, చూద్దాం.

మెరకదాటి
పెద్ద అలలు వచ్చిపోయిన రెండు రోజులు నీళ్లనిండా నాచు ఉంటుంది. అప్పుడు ట్రెబుల్ లూర్ ప్రతి విసురుకీ గడ్డిమోపుతో తిరిగొస్తుంది. ఆ రోజులకి బేగాలి గారి ఒంటి హుక్కు స్విమ్‌బైటే దిక్కు, ఎక్కడైనా సరే.

కొత్తగాలం గారూ, నీళ్లలో దిగితే అడుగు ఎత్తి వేయకండి, పాదాలు ఈడ్చుకుంటూ నడవండి. ఇసుకలో ముల్లు తోక టేకి చేపలు పడుకుని ఉంటాయి, వేసవిలో సీల్ బీచ్ వైపు మరీ ఎక్కువ. అలాగే మంచి చోటు కనబడిందని ఎక్కడపడితే అక్కడ విసరకండి, పాయింట్ డ్యూమ్, లగూనా బీచ్‌ల దగ్గర సముద్ర అభయారణ్యాలున్నాయి, వాటి హద్దుల్లో పట్టకూడదు.

కొత్తగాలం
అందరికీ థాంక్స్. మరి మొదటి రాడ్ ఏది కొనమంటారు, లూర్‌దా ఎరదా?

పియర్‌పంతులు
మీకు ఓపిక ఎక్కువా, నడక ఎక్కువా? ఓపిక అయితే ఏడడుగుల రాడ్ ఒకటి, 15 పౌన్ల లైను, సబీకి ప్యాకెట్, గుండ్రటి వల పట్టుకుని పియర్‌కి వచ్చేయండి, లైసెన్సు డబ్బులు మిగులుతాయి.

అలలవెంట
తొమ్మిదడుగులదే కొనండి. దాంతో పియర్ మీద ఎర కూడా వేసుకోవచ్చు, పంతులుగారి ఏడడుగులతో అలల అవతలికి విసరలేరు. ఏది కొన్నా 22 అంగుళాల గీత ఉన్న టేపు సంచిలో పెట్టుకోండి, చేపని బల్లపరుపుగా పడుకోబెట్టి మూతి కొస నుంచి తోక కొస దాకా కొలవాలి. 21ముప్పావు అంటే వెనక్కే.