నాలుగేళ్ల పిల్లవాడికి ఏకాగ్రత కోసం పజిల్స్ ఆడించవచ్చా?

ప్రశ్న (ఒక తల్లి, అమలాపురం):
మా అబ్బాయికి నాలుగేళ్లు నిండాయి. బొమ్మకు రంగు వేయమన్నా, అక్షరాలు దిద్దమన్నా కాసేపటికే లేచిపోతాడు గాని, ఫోనులో పజిల్ ఆట పెడితే అన్నం మాట కూడా మరచి కూర్చుంటాడు. దీన్ని ఏకాగ్రత అనుకోవచ్చా? అట్టముక్కల పజిల్స్ కొనిస్తే చదువు మీద శ్రద్ధ కుదురుతుందా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, ముమ్మిడివరం):
అమ్మా, ఫోనులో రంగులూ చప్పుళ్లూ వెంటవెంటనే వచ్చే బహుమతులూ పిల్లవాడి చూపును పట్టి ఉంచుతాయి. అట్టముక్కను అటూ ఇటూ తిప్పి, అంచు కుదరక పక్కన పెట్టి, మరొకటి వెతికేటప్పుడు ఆ చూపును వాడే నిలుపుకోవాలి, అలవడవలసింది అదే. కొనకపోయినా ఫరవాలేదు. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల తయారీదారు దేశపటాలను చెక్కకు అతికించి సరిహద్దుల వెంట కోసి పజిల్స్ చేసినట్టే, మీరు పాత క్యాలెండరులోని పడవ బొమ్మనో కొబ్బరితోట బొమ్మనో అట్టకు అతికించి 8 ముక్కలుగా కత్తిరించండి, తేలికైపోయాక 12 చేయండి. వాడు తడబడుతున్నప్పుడు ముక్కను మీరు పెట్టేయకుండా, "ఈ నీలం రంగు ఇంకెక్కడుంది నాన్నా?" అని మాత్రం అడగండి. వాడు లేస్తానంటే లేవనివ్వండి, బలవంతంగా కూర్చోబెడితే ఆట కాస్తా పాఠమైపోతుంది.

జవాబు (ఒక తాతగారు, పాలకొల్లు):
మన వామనగుంటలను మరవకండి తల్లీ. వరుసకు 7 చొప్పున 14 గుంటల్లో చింతపిక్కలను ఒక్కొక్కటిగా జారవిడుస్తూ పోవాలంటే చెయ్యి, కన్ను, లెక్క కలిసి నడవాలి, పైగా ఎదుటివారి వంతు అయ్యేదాకా ఓపిక పట్టాలి. పిక్కలు నోట్లో పెట్టుకోకుండా పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. 3 పులులు, 15 మేకలతో ఆడే పులిజూదానికి వాడు ఇంకా కొన్నేళ్లు ఎదగాలి.

జవాబు (పిల్లల మనస్తత్వశాస్త్రం చదివినవారు, భీమవరం):
పై ఇద్దరి మాటా మంచిదే గాని, ఆశకు ఒక హద్దు ఉండాలి. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఇంట్లో పజిల్స్ ఆడిన పిల్లలు నాలుగున్నరేళ్లకు ఆకారాలను మనసులో తిప్పి జతపరచడంలో మెరుగ్గా ఉన్నారు. అది ఆకారాల గ్రహింపుకు సంబంధించిన ఫలితం, అక్షరాలు దిద్దడంలో శ్రద్ధకు అది హామీ కాదు. ఈ వయసులో కాసేపటికే లేచిపోవడం సహజం కూడా. ఫోను విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం, నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు 1 గంట మించకూడదు, తగ్గితే ఇంకా మేలు. ఇష్టమైన ఆటలోనూ నిలవలేకపోతున్నా, పిలిస్తే పలకకపోతున్నా, ముందుగా చూపునూ వినికిడినీ వైద్యులకు చూపించండి.