బీపీ మాత్ర వల్ల థైరాయిడ్ వస్తుందా?

మందార:
మా అమ్మకు అరవై దాటాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. ఈసారి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోను) 7 ఉంది, ఉండాల్సినదానికన్నా ఎక్కువట. బీపీ మాత్ర మొదలుపెట్టాకే కదా ఇది వచ్చింది, మానేస్తే పోతుందని బంధువులు అంటున్నారు. నాకూ అదే అనుమానం.

నల్లరేగడి:
మందార గారూ, దయచేసి ఆ మాత్ర ఆపించకండి. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, ఆమ్లోడిపిన్ మామూలుగా థైరాయిడ్ జోలికి పోవు. తిరగేసి ఆలోచించండి. థైరాయిడ్ మందగిస్తే రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీలో కింది అంకె పెరుగుతుంది. థైరాయిడ్ లోపం ముందే ఉండి, బీపీయే మొదట బయటపడి ఉండవచ్చు.

తాటిముంజ:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ప్రొప్రనలాల్ కూడా బీపీ మాత్రే. రోజుకు 160 మిల్లీగ్రాములు దాటితే థైరాయిడ్ విడుదల చేసే టీ4 హార్మోను ఒంట్లో మరింత చురుకైన టీ3గా మారడాన్ని తగ్గిస్తుంది. థైరాయిడ్ మితిమీరి పనిచేసేవారికి దాన్ని ఇవ్వడానికి అదీ ఒక కారణమే. ఇక అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే!

నల్లరేగడి:
అమియోడరోన్‌తో థైరాయిడ్ నిజంగానే దెబ్బతినవచ్చు, కాదనను. కానీ అది గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే మందు, బీపీకి కాదు. ప్రొప్రనలాల్ గ్రంథిని పాడుచేయదు, ఆపితే ఆ ప్రభావమూ పోతుంది. షుగరు ఉన్నవారి విషయంలో దానితో నా భయం వేరు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవారికి చక్కెర పడిపోతే వచ్చే గుండెదడ, వణుకు దీనివల్ల తెలియకుండా పోతాయి. చెమట మాత్రం పడుతుంది, ఇంట్లోవాళ్లు దాన్నే గమనించాలి. ఇంత ముఖ్యమైన మాట మందుల చీటీ చేతికిచ్చేటప్పుడు చెప్పి తీరాలి.

మందార:
మరి మెట్‌ఫార్మిన్?

నల్లరేగడి:
థైరాయిడ్ లోపం ఉన్నవారిలో అది టీఎస్‌హెచ్‌ను కాస్త తగ్గిస్తుందే తప్ప పెంచదు. కాబట్టి 7కు దాన్ని తప్పుపట్టలేం. రెండు మూడు నెలల్లో ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4), యాంటీ టీపీఓ (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్‌పై దాడి చేస్తోందేమో చూసే పరీక్ష)లతో కలిపి మళ్లీ పరీక్ష చేయించమని డాక్టరు గారిని అడగండి. వయసుతో టీఎస్‌హెచ్ కొంత పెరగడమూ ఉంది. ఒక్క పరీక్షతో జబ్బని తేల్చకూడదు.

తాటిముంజ:
టెల్మిసార్టాన్ వరకు మీ మాటే ఒప్పుకుంటాను. కానీ బీపీ మందు మొదలుపెట్టే ముందే టీఎస్‌హెచ్ చూసి ఉంటే, ఏది ముందు వచ్చిందో ఈ రోజు ఇలా ఊహించే పని ఉండేది కాదు. షుగరు ఉన్నవారికైనా అది తప్పనిసరి చేయాలి.