ప్రతి శుక్రవారం స్కూల్ నుంచి మెసేజ్ వస్తుంది, కానీ పాపకి ఏం వచ్చిందో అందులో ఉండదు. మీ దగ్గర ఎలా?

నాగోల్_అమ్మ

మా పాప మూడో తరగతి, ఇంటికి దగ్గర్లోనే ప్రైవేటు స్కూలు. ప్రతి శుక్రవారం సాయంత్రం క్లాస్ వాట్సాప్ గ్రూపులో వీక్లీ అప్‌డేట్ అని పెద్ద మెసేజ్ పెడతారు, మొత్తం ఇంగ్లిష్‌లో. మ్యాథ్స్ ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ దాకా అయింది, ఈవీఎస్‌లో (పరిసరాల విజ్ఞానంలో) నాలుగో పాఠం పూర్తి, తెలుగు గేయం బట్టీ పట్టించండి, సోమవారం పసుపు డ్రెస్, టర్మ్ ఫీజుకి ఆఖరు తేదీ, వాటి కింద బోనాల వేడుక ఫొటోలు వరసగా. అంతా చదివాక కూడా ఈ వారం మా అమ్మాయికి కొత్తగా ఏం వచ్చింది, ఎక్కడ తడబడుతోంది అన్నది నాకు తెలియదు. దాన్నే అడిగితే “ఏం చెప్పలేదు” అంటుంది, ఆ వయసు పిల్లలందరూ అలాగే అంటారనుకోండి.

మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. పాప స్కూల్ బస్సు దిగినప్పటి నుంచి మేం వచ్చేదాకా మా అత్తయ్య చూసుకుంటారు. ఆవిడ రోజూ పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతారు, ఇంగ్లిష్ మాత్రం రాదు. పాప పక్కన కూర్చుని పుస్తకం తీయించేది ఆవిడ, ఆ మెసేజ్ ఆవిడకే అర్థం కాదు. మొన్న టెస్ట్ పేపరు ఇంటికొచ్చాక గానీ తీసివేతలు రావట్లేదని మాకు తెలియలేదు. అప్పటికి స్కూల్లో గుణకారాలు మొదలుపెట్టేశారు.

మీ పిల్లల స్కూళ్ల నుంచి వారం వారం ఏం వస్తుంది? టీచర్‌ని ఇంకొంచెం వివరంగా చెప్పమని అడగాలంటే ఎలా అడగాలి? ఆవిడ మంచి మనిషి, కంప్లైంట్ చేసినట్టు అనిపించకూడదు.

చాక్‌పీస్

నేను ప్రైవేటు స్కూల్లోనే రెండు, మూడు తరగతులకి చెప్తాను, అందుకని అటువైపు సంగతి చెప్తా. చాలాచోట్ల ఆ మెసేజ్ ఫార్మాట్ టీచర్‌ది కాదు, ఆఫీసు నుంచి వస్తుంది, మేం ఖాళీలు నింపి పంపాలి. సిలబస్ టైముకి అవుతోందా అన్నది మేనేజ్‌మెంట్‌కి కావాలి, అందుకే పేజీ నంబర్లు. పిల్లకి వచ్చిందా లేదా అన్నది ఇంట్లోవాళ్లకి కావాలి, దానికి ఆ ఫార్మాట్‌లో గడి ఉండదు.

ముందు తీసివేతల సంగతి చూద్దాం. ఆ పేపరు మళ్లీ ఒకసారి తీయండి. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసిందా? అలాంటివే ఉంటే పాపకి తీసివేత రాదని కాదు. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేస్తోంది. మా క్లాసుల్లో ఏటా కనపడే తప్పు ఇది. దీనికి ఇంకో పేజీడు లెక్కలు ఇచ్చి చేయిస్తే అదే తప్పు ఇంకా గట్టిపడుతుంది. చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు పెట్టి, అందులోంచి ఇరవై ఏడు ఇమ్మనండి. ఏడు విడి పుల్లలు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పక తప్పదు. విప్పితే విడివి పన్నెండు అవుతాయి, ఏడు ఇచ్చేస్తే ఐదు మిగులుతాయి, ఉన్న నాలుగు కట్టల్లో రెండు ఇచ్చేస్తే రెండు. ఆ కట్ట విప్పడం మాత్రం పాప చేత్తోనే జరగాలి, మీరు విప్పి చేతికివ్వొద్దు. మీ అత్తయ్యగారు హాయిగా చేయించగలరు, ఇందులో ఇంగ్లిష్ అవసరమే లేదు.

ఇక మెసేజ్. మా హెడ్‌మిస్ట్రెస్ మేడమ్‌ని అడిగి, ఆఫీసు మెసేజ్‌తో పాటు నేను విడిగా తెలుగులో ఒక చిన్న ఉత్తరం పంపుతాను. మొన్నటిది ఇదిగో:

“ఈ వారం లెక్కల్లో మూడంకెల సంఖ్యల్ని వందలు, పదులు, ఒకట్లుగా విడగొట్టాం. మూడు వందల ఐదు రాయమంటే కొందరు 35 అని, కొందరు 3005 అని రాస్తున్నారు. మధ్యలో ఆ సున్నా ఎందుకో ఇంకా పట్టుబడలేదు, వచ్చే వారం కూడా దానిమీదే ఉంటాం. ఇంట్లో వంద నోట్లు, పది నోట్లు, రూపాయి బిళ్లలు పెట్టి 305, 350, 503 లెక్కపెట్టించండి. తెలుగులో సంయుక్తాక్షరాలున్న మాటలు చదువుతున్నాం: పుస్తకం, చంద్రుడు, పద్మం. రాతలో తప్పులుంటే ఇప్పుడే దిద్దకండి, ముందు ఆగకుండా చదవనివ్వండి. ఈవీఎస్‌లో నీళ్ల పాఠం. మీ ఇంటికి వచ్చేవి మంజీరా నీళ్లా, కృష్ణా నీళ్లా, బోరా, ట్యాంకరా? సంపు మూత తీసి చూపించి, పెద్దవాళ్లు పక్కనే ఉండి, చెప్పి పంపండి. గురువారం సెలవు.”

అంతే, ఇంకేం ఉండదు. ఆ నీళ్ల ప్రశ్నకి సోమవారం పిల్లలు తెచ్చిన జవాబులతోనే ఆ పీరియడ్ గడిచిపోయింది. ఒకే వీధిలో ఒకింటికి నల్లా నీళ్లు, పక్కింటికి ట్యాంకర్ ఎందుకని ఒక పిల్లాడు అడిగాడు. ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్న ఉండదు.

అడగడం అంటారా, గ్రూపులో అడగకండి, అందరి ముందు ఏ టీచరైనా బిగుసుకుపోతారు. విడిగా మెసేజ్ పెట్టండి. “ఇంకా వివరంగా పంపండి” అంటే మాకు పని పెరిగినట్టు వినపడుతుంది. “తీసివేతల్లో పాప ఎక్కడ ఆగిపోతోంది, ఇంట్లో ఏం చేయించమంటారు” అంటే రెండు లైన్లలో జవాబు చెప్పేస్తాం. ఇంకో మాట, విద్యాహక్కు చట్టం 2009లో 24వ సెక్షన్ టీచర్ల విధుల గురించే. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు పెట్టి పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి చెప్పాలని అందులో ఉంది. చట్టం చూపించి పోట్లాడమని కాదు, మొహమాటపడాల్సిన పని లేదని చెప్తున్నా.

చిక్కడపల్లి_తాతయ్య

అమ్మా, మీ అత్తగారి పనే మా ఇంట్లో నాది. మనవడు రెండో తరగతి. వాళ్ల బడి మెసేజ్ కూడా ఇంగ్లిషే. ఫోన్‌లో అనువాదం పెట్టి చూశాం, పాఠాల పేర్లు, లెక్కల మాటలు అన్నీ కలగాపులగమై వస్తున్నాయి, నాకు పనికి రాలేదు. ఇప్పుడు మా కోడలు శుక్రవారం రాత్రి ఆ మెసేజ్ చదివి, నాకు కావాల్సిన నాలుగు ముక్కలు తెలుగులో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తుంది. మొన్న “ఒత్తులు మొదలు” అని రాసింది. అంతే రాసింది, నాకు అదే చాలు.

సాయంత్రం వాణ్ని తీసుకుని బస్టాపు దాకా నడుస్తాను. బస్సుల మీద తెలుగు బోర్డులుంటాయి కదా, అవే మా పుస్తకం. చిక్కడపల్లిలో రెండు ఒత్తులున్నాయి, క కింద క, ల కింద ల. నల్లకుంటలో ఒకటి. ఉప్పల్‌లో ప కింద ప, చివర పొల్లు. మెహిదీపట్నం దగ్గర వాడు ఆగిపోయాడు, ట కింద వేరే అక్షరం వచ్చింది కదా. రోజూ అదే బస్సు వస్తుంది కాబట్టి రోజూ అదే చదివాడు, ఇప్పుడు దూరం నుంచే అరిచి చెప్తాడు. పుస్తకం ముందు కూర్చోబెడితే ఈ ఉత్సాహం రాదు.

2018లో తెలంగాణ చట్టం చేసింది, ఏ బోర్డు బడిలోనైనా ఒకటి నుంచి పది దాకా తెలుగు తప్పనిసరి అని. అలాంటప్పుడు వారం ఉత్తరంలో కనీసం తెలుగు పాఠం గురించైనా తెలుగులో రాయమనడం అత్యాశ కాదు. పీటీఎంలో, అదే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసే మీటింగ్‌లో, మీ అత్తగారినే తీసుకెళ్లి ఆవిడ చేతే అడిగించండి. పెద్దావిడ అడిగితే కాదనరు.

సర్కారు_బడి_టీచర్

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చెప్తాను, మాది ఒకటి నుంచి ఐదు దాకా. 2022 నుంచి మాకు తొలిమెట్టు అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది, పిల్లలకి చదవడం, రాయడం, నాలుగు లెక్కలు రావడం మీదే గురి, ఎవరికి ఏం వచ్చిందో పిల్లవాడి వారీగా నమోదు చేస్తాం. కాబట్టి చెప్పడానికి నా దగ్గర సమాచారం ఉంది. ఇబ్బందల్లా అది ఇంటికి చేరడం దగ్గరే. మా తల్లుల్లో చాలామంది ఇళ్లల్లో పనికో, కట్టుబడి పనికో వెళ్తారు, చదువు రానివాళ్లూ ఉన్నారు. ఎంత చక్కగా రాసినా లాభం లేదు. అందుకని వాయిస్ మెసేజ్ పెడతాను, నిమిషం దాటనివ్వను. ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి, వాళ్లకి ఇంకో టీచర్ ఉర్దూలో అదే చెప్తారు. పిల్లలు ఆ వాయిస్‌ని అమ్మ పక్కన కూర్చుని వింటారు, “ఇది నాకొచ్చు” అని అప్పుడే చేసి చూపిస్తారట. ఒక తల్లి, అక్షరం రాని మనిషి, తన కూతురు చదివేటప్పుడు ఎక్కడ ఆగుతోందో నాకు ఖచ్చితంగా చెప్పింది: “పెద్ద పదం రాగానే మొదటి రెండు అక్షరాలు చదివి మిగతాది ఊహించి చెప్తోంది టీచర్.” అది నిజం, నేనే గమనించలేదు అంత స్పష్టంగా.

నాగోల్ మేడమ్, మీకు ఒక కొలత కావాలంటే: 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం. సంఖ్యలు రెండో తరగతికి 999 దాకా, మూడో తరగతికి 9999 దాకా. ఇవి ఏడాది చివరికి చేరాల్సినవి, ఇప్పుడే గడియారం పెట్టి పాపకి టెన్షన్ పెట్టకండి. “మీ వారం మెసేజ్‌లో చెప్పింది ఈ దారిలో ఎక్కడుంది” అని టీచర్‌ని అడగడానికి మాత్రం పనికొస్తుంది.

కూకట్‌పల్లి_నాన్న

నేను కొంచెం అడ్డు చెప్తాను, ఏమనుకోవద్దు. ఎవరికి ఏం రావట్లేదో వివరంగా గ్రూపులో పెడితే మన తల్లిదండ్రులు ఊరుకోరు. మా క్లాస్ గ్రూపులో ఒకసారి డిక్టేషన్ మార్కులు పేర్లతో సహా పెట్టారు. మర్నాడు అపార్ట్‌మెంట్ పార్కులో పిల్లలు వాటి గురించే మాట్లాడుకున్నారు, తక్కువ వచ్చిన బాబు వారం రోజులు ఆడుకోవడానికి కిందికి దిగలేదు. క్లాసు మొత్తం గురించి చెప్పేది గ్రూపులో, ఒక పిల్ల గురించి చెప్పేది ఆ ఇంటికే. చాక్‌పీస్ గారి ఉత్తరంలో ఎవరి పేరూ లేదు, “కొందరు” అని ఉంది, అలా ఉంటే నాకు అభ్యంతరం లేదు.

ఫొటోలు కూడా అంతే. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రుల్ని అడగాలి. 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఇంకోటి, వార్తలూ చదువూ ఒకే గ్రూపులో కలపొద్దు. జులైలో వానలకి రాత్రి పొద్దుపోయాక సెలవని మెసేజ్ వస్తుంది, దాని కింద “ఓకే మేడమ్”, “థాంక్యూ మేడమ్” వరస కట్టేస్తాయి, పొద్దున్నే లేచి చూసేవాళ్లకి అసలు మెసేజ్ దొరకదు. మేం అడిగితే స్కూలు టీచర్ మాత్రమే రాయగలిగేలా సెట్టింగ్ మార్చింది. సెలవు, ఫీజు, బస్సు అందులో. పాఠాల సంగతి విడిగా, డైరీలో అతికించే కాగితం మీద. కాగితమైతే తాతయ్యలూ అమ్మమ్మలూ చూస్తారు, ఫోన్ ఎవరి చేతిలో ఉందన్న గొడవ లేదు.

నాగోల్_అమ్మ

అందరికీ చాలా థాంక్స్. పేపరు తీసి చూశాను చాక్‌పీస్ గారూ. 61లోంచి 38కి 37 అని, 43లోంచి 19కి 36 అని రాసింది. మీరు చెప్పిందే. మిగతా తీసివేతలు, కట్ట విప్పాల్సిన పని లేనివి, అన్నీ కరెక్టే, అది కూడా ఇప్పుడే గమనించాను. అత్తయ్య నిన్న పుల్లలు కట్టి కూర్చోబెట్టారు. పాప మొదట కట్ట విప్పనంది, “విప్పితే పది పోతుంది” అని దాని భయం. అత్తయ్య విప్పించి, మళ్లీ లెక్కపెట్టించి, ఎక్కడికీ పోలేదని చూపించారు.

టీచర్‌కి విడిగా మెసేజ్ పెట్టాను, మీరు చెప్పిన మాటల్లోనే. సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు. క్లాసులో ఇంకా చాలామందికి ఇదే సమస్య ఉందని, సోమవారం మళ్లీ కట్టలతో చేయిస్తానని చెప్పారు. తెలుగు ఉత్తరం గురించి ప్రిన్సిపాల్‌ని అడగాలన్నారు, పీటీఎంకి అత్తయ్యని తీసుకెళ్తున్నాను, తాతయ్యగారి సలహా ప్రకారం. ఇప్పుడు పుల్లలతో వస్తోంది, కాగితం మీదకి ఎప్పుడు మార్చాలి?

చాక్‌పీస్

ఆ భయం బయటపెట్టించారు చూడండి, అది అన్నిటికన్నా మంచి పని. రెండూ పక్కపక్కన పెట్టండి. పుల్లలతో ఒక అడుగు, వెంటనే కాగితం మీద అదే అడుగు. 52లోంచి 27 అయితే, కట్ట విప్పగానే 5 కొట్టేసి 4 రాయాలి, 2 పక్కన 1 చేర్చి 12 చేయాలి, ఏం చేస్తోందో నోటితో చెప్తూ రాయాలి. పుల్లల వైపు చూడకుండానే “కట్ట విప్పా” అని తనే అనడం మొదలుపెట్టాక వాటిని పక్కన పెట్టేయొచ్చు. ఆ తర్వాతే మూడంకెలు. 402లోంచి 178 లాంటివి, మధ్యలో సున్నా ఉన్నవి, అన్నిటికన్నా ఆఖర్న ఇవ్వండి, అక్కడ పదుల కట్టే ఉండదు, వందల కట్ట విప్పాలి. దానికి పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట ముందే కట్టి ఉంచుకోమనండి అత్తయ్యగారిని.