గుణుపురం మామిడితోట డిస్క్ గోల్ఫ్ కోర్సు: నాలుగో గమ్యం దగ్గర డిస్కు ఎడమకే ఎందుకు పోతోంది?

ప్రశ్న (గుణుపురం నుండి)

అందరికీ నమస్కారం. వంశధార ఒడ్డున తెలిసినవారి మామిడితోటలో, వారి అనుమతితో, డిస్క్ గోల్ఫ్‌కు (ప్లాస్టిక్ డిస్కును వీలైనన్ని తక్కువ విసుర్లలో గమ్యానికి చేర్చే ఆట) తొమ్మిది గమ్యాల చిన్న కోర్సు వేసుకున్నాం. మూడు చోట్ల వెల్డింగు షాపులో చేయించిన గొలుసుల బుట్టలున్నాయి. మిగిలిన చోట్ల చెట్టు మొదలుకు సున్నం పట్టీ వేసి, డిస్కు దానికి తగిలితే పూర్తయినట్టు లెక్కిస్తున్నాం. నాలుగోది సుమారు 60 మీటర్లు, రెండు చెట్ల వరుసల నడుమ సన్నని దారి. నేను కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఛాతీకి అడ్డంగా ఎడమవైపు నుండి లాగి) విసురుతాను. కొత్తగా తెప్పించుకున్న డ్రైవర్ (దూరపు విసుర్లకు వాడే డిస్కు) సగం దూరం తిన్నగా వెళ్లి, ఆపైన ఎడమకు తిరిగి పక్క జీడితోటలో పడుతోంది. లోపం డిస్కుదా, నా చేతిదా? ఎదురుగాలి ఉన్నప్పుడు ఏం చేయాలి?

జవాబు (పర్లాకిమిడి నుండి)

కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్కు, పైనుండి చూస్తే, గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది కాబట్టి, వేగం తగ్గగానే ఎడమకు వాలడం దాని స్వభావం. దీనినే ఫేడ్ అంటారు. మీ డిస్కు మీద వరుసగా నాలుగు అంకెలు ఉంటే అవి స్పీడ్ (సరిగ్గా ఎగరడానికి కావలసిన వేగం), గ్లైడ్ (గాలిలో తేలే గుణం), టర్న్ (వేగంగా ఉన్నప్పుడు కుడికి తిరిగే గుణం), ఫేడ్. మొదటి అంకె 11 గానీ 12 గానీ అయితే, ఆ డిస్కుకు కావలసిన వేగం కొత్తగా ఆడేవారి చేతికి ఇంకా రాదు. అందువల్ల అది తిన్నగా సాగే దశ త్వరగా ముగిసి, ఫేడ్‌లోకి దిగిపోతుంది. 60 మీటర్ల దారికి డ్రైవర్ అవసరమే లేదు. స్పీడ్ 2 లేదా 3 ఉన్న పుట్టర్ (దగ్గరి విసుర్లకు వాడే, నెమ్మదిగా ఎగిరే డిస్కు) ఒక్కటి కొనుక్కొని, కొన్నాళ్లు మొత్తం కోర్సు దానితోనే ఆడండి.

చేతి విషయం కూడా చూసుకోవాలి. డిస్కు ముందంచు పైకి లేచి ఉంటే అది గాలిలో ఎక్కి, నిలిచి, ఎడమకు జారుతుంది. చెంబులోని నీళ్లు వంపుతున్నట్టు మణికట్టును కొద్దిగా కిందికి వంచి విసిరితే ముందంచు దిగుతుంది. నా అనుభవంలో కొత్తవారి ఎడమవాలు సగానికి పైగా దీనితోనే తగ్గుతుంది.

ఎదురుగాలిలో డిస్కు ఎక్కువ వేగంతో పోతున్నట్టు ప్రవర్తించి కుడికి తిరగబోతుంది, కనుక 170 గ్రాములు దాటిన, ఫేడ్ కాస్త ఎక్కువున్న పుట్టర్ మంచిది. వెనుకగాలి దాన్ని త్వరగా కిందికి దించి, ఎడమవాలును పెంచుతుంది.

జవాబు (రాయగడ నుండి)

బుట్టలు తక్కువని చింతించకండి. ఈ ఆట మొదట్లో చెట్లు, స్తంభాలే గమ్యాలు. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్‌లో 1975లో ఏర్పడిన తొలి శాశ్వత కోర్సు కూడా స్తంభాలతోనే మొదలైంది. ఆ కోర్సును రూపొందించిన ఎడ్ హెడ్రిక్ గొలుసుల బుట్టకు 1977లో పేటెంటు పొందిన తరువాతే ఇప్పటి రూపం స్థిరపడింది. అయితే సున్నం పట్టీ ఎంత ఎత్తు నుండి ఎంత ఎత్తు వరకో ముందే నిర్ణయించుకోండి, లేకపోతే ప్రతి ఆటలోనూ వాదనే. గమ్యానికి 10 మీటర్ల లోపల నుండి విసిరినప్పుడు, నిలదొక్కుకున్నాకే ముందుకు అడుగు వేయాలి. జీడితోటను హద్దు వెలుపలగా ప్రకటిస్తే ఒక విసురు జరిమానా కలుపుకొని, డిస్కు హద్దు దాటిన చోటికి 1 మీటరు లోపలి నుండి ఆడవచ్చు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండీ. నా డ్రైవర్ మీద మొదటి అంకె 12 ఉంది. పుట్టర్ తెప్పిస్తాను. ఆరో గమ్యానికి విసిరే దారి, నదికి స్నానాలకు వెళ్లేవారి కాలిబాటను దాటుతోంది. అలాగే ఉంచవచ్చా?

జవాబు (జయపురం నుండి)

ఉంచవద్దు బాబూ. 170 గ్రాముల గట్టి ప్లాస్టిక్ అంచు నుదుటికి తగిలితే గాయం తప్పదు. పశువుల కాపర్లూ, బిందెలు మోసేవారూ మీ కేకకు వెంటనే పక్కకు తప్పుకోలేరు. మీరు నిలబడే చోటును బాటకు అవతలి వైపుకు జరపండి, దూరం తగ్గినా ఫర్వాలేదు. కాయలున్న నెలల్లో కొమ్మలు వంగిన వరుసలను కూడా వదిలేయండి. దెబ్బ తగిలిన కాయ కుళ్లుతుంది, తోటవారికి అది నష్టం. ఆ వరుసల్లో ఉన్న గమ్యాలను కోత అయ్యేంతవరకు తోట అంచున ఖాళీ స్థలంలోకి మార్చుకోవచ్చు, మూడు బుట్టలూ కదిలేవైతే అవి ముందుగా అక్కడికే వెళ్లాలి.